మోటారు సైకిలు ఊగుట – నివారణ

ఆనందపురం, పద్మనాభం ప్రాంతములనుండి కూరగాయల బస్తాలతో విశాఖపట్నం రైతు బజారుకు పోవునప్పుడు, లారీలు తిరుగు రహదారిపై మోటారు సైకిలు హ్యాండిలు గజగజ వణకినచో ఉపేక్షింపరాదు; ప్రాణాపాయము కలుగవచ్చును. బరువు వెనుక ఇరుసును దాటి వెనుకకు పోయినకొలది ముందు చక్రము తేలికపడి పట్టు తప్పును. కావున బస్తాలను సీటుకు దగ్గరగా, క్రిందుగా, రెండు ప్రక్కల సమముగా కట్టవలెను.

బరువు లేకున్నను వణకుచున్నచో, సెంటర్ స్టాండు వేసి ముందు చక్రమును నేలనుండి లేపి, ఫోర్కు అడుగుభాగమును ముందుకు వెనుకకు లాగి చూడుడు. కదలినచో కోన్‌సెట్టు వదులైనది. హ్యాండిలు త్రిప్పునప్పుడు నడుమ తట్టుకొనినచో అది అరిగినది. చక్రము ప్రక్కలకు ఆడినచో బేరింగును మెకానిక్కుకు చూపవలెను. బరువుకు తగిన టైరు గాలి ఎంతో బండి పుస్తకములో చూచి నింపవలెను.

దారిలో ఊగినచో గట్టిగా బ్రేకు వేయరాదు. ముందుకు వంగి, యాక్సిలరేటరు మెల్లగా తగ్గింపుడు.