పాత కంప్యూటర్ మొండికేస్తే

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు దాకా వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు మూడు జిల్లాలకు కేంద్రాలు. ఇక్కడ ఊరూరా మహిళా సంఘాలున్నాయి. ఊళ్లోని సంఘాలు కలిస్తే గ్రామ సమాఖ్య. గ్రామ సమాఖ్యలు కలిస్తే మండల సమాఖ్య. పొదుపు ఎంత? అప్పు ఎంత? కిస్తీ ఎవరు కట్టారు? ఈ లెక్కలు ఒకప్పుడు పుస్తకాల్లోనే ఉండేవి. తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కాయి.

ఒక సమాఖ్య ఆఫీసు అనుకుందాం. మూలకు ఒక పాత కంప్యూటర్ ఉంది. తెల్లవారితే మీటింగు. లెక్కలు రాసే అమ్మాయి దాని ముందు తల పట్టుకొని కూర్చుంది. అధ్యక్షురాలు వచ్చింది.

"ఏమైంది చెల్లె?"

"ఆన్ అయితలేదక్కా. మూడుసార్లు బంద్ చేసి మళ్ల పెట్టిన. బటన్ వత్తి పట్టిన. తీగ పీకి మళ్ల పెట్టిన. అయినా తెర నల్లగనే ఉన్నది."

"అయితే మన లెక్కలన్నీ పోయినట్టేనా?"

చాలామంది ఇలాగే భయపడతారు. ఆ భయంలోనే తప్పు చేస్తారు.

లెక్కలు ఎక్కడుంటాయి?

కంప్యూటర్ ఒక్కటే వస్తువు కాదు. పెట్టెలో చాలా భాగాలుంటాయి. లెక్కలు దాచే భాగం పేరు హార్డ్ డిస్క్. అది వేరుగా ఊడి వస్తుంది. తలుపు తాళం పడిపోయినంత మాత్రాన బీరువాలో బట్టలు పోవు కదా! అలాగే కంప్యూటర్ లేవనంత మాత్రాన లెక్కలు పోవు. హార్డ్ డిస్క్ బాగుంటే చాలు. దాన్ని ఇంకో కంప్యూటర్‌కు కలిపి లెక్కలు తీసుకోవచ్చు.

అయితే ఒక గుర్తు మరవకూడదు. పెట్టెలోంచి టక్, టక్ అని చప్పుడు వస్తుంటే హార్డ్ డిస్కే దెబ్బతిని ఉండవచ్చు. అప్పుడు మాటిమాటికీ ఆన్ చేయకూడదు. వెంటనే బంద్ చేయాలి.

ముందు కరెంటు చూడాలి

గోడ ప్లగ్గులో కరెంటు ఉందా? ఫోన్ చార్జరు పెట్టి చూస్తే తెలుస్తుంది. తెరకు వేరే తీగ, వేరే స్విచ్ ఉంటాయి. అవి వదులయ్యాయేమో చూడాలి. ఒక్కోసారి కంప్యూటర్ బాగానే ఉంటుంది. తెరకు మాత్రం కరెంటు అందదు.

బటన్ నొక్కితే లైటు వెలగడం లేదా? ఫ్యాను తిరగడం లేదా? అయితే కరెంటు పంచే డబ్బా పాడై ఉండవచ్చు. దాని పేరు ఎస్.ఎం.పి.ఎస్. గోడలో వచ్చేది 230 వోల్టుల కరెంటు. ఈ డబ్బా దాన్ని 12, 5, 3.3 వోల్టులకు తగ్గించి లోపలి భాగాలకు ఇస్తుంది. ఈ డబ్బా మూత ఎన్నడూ విప్పకూడదు. పాత లావు తెర మూత కూడా విప్పకూడదు. తీగ పీకినా వాటిలో కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది. ప్రాణాలకే ప్రమాదం.

చెవి పెట్టి వినాలి

లైటు వెలిగింది. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగా ఉంది. అప్పుడు చెవి పెట్టి వినాలి. కంప్యూటర్ లేవగానే తన భాగాలను తానే పరీక్ష చేసుకుంటుంది. తప్పు దొరికితే బీప్, బీప్ అని చెబుతుంది. చాలా పాత కంప్యూటర్లలో ఒక చిన్న బీప్ వస్తే అంతా బాగున్నట్టు. ఆగకుండా మోగితే ఎక్కువసార్లు తప్పు రామ్ దగ్గర ఉంటుంది. కంపెనీని బట్టి ఈ గుర్తులు మారతాయి. అందుకే ఎన్ని బీప్‌లో, పొడుగువో పొట్టివో కాగితం మీద రాసుకోవాలి.

రామ్ అంటే ఒక సన్నని పలక. దాని అంచున బంగారు పూత గీతలుంటాయి. జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనికి పేరు. ఇత్తడిని వాడకుండా ఉంచితే పైన మసక పడుతుంది. ఈ గీతల మీద కూడా అలాగే మురికి పొర పడుతుంది. ఇత్తడికైతే చింతపండు పెడతారు. దీనికి చింతపండు వద్దు, నీళ్లూ వద్దు. పెన్సిల్ రబ్బరు చాలు.

ముందు ప్లగ్గు పూర్తిగా పీకాలి. చేతులు పొడిగా ఉండాలి. పెట్టె ఇనుమును ఒకసారి ముట్టుకోవాలి. ఒంట్లోని సన్నని కరెంటు దిగిపోతుంది. రెండు పక్కల కొక్కేలు వంచి పలకను తీయాలి. గీతలను రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులపాలి. మళ్లీ కొక్కేలు టక్కున పడేదాకా నొక్కాలి.

తేదీ తప్పు చూపితే

కంప్యూటర్ లేస్తుంది. కానీ ఎప్పటిదో పాత తేదీ చూపుతుంది. లేదా మధ్యలో ఆగి ఏదో మీట నొక్కమంటుంది. ఇది లోపలి చిన్న బ్యాటరీ అయిపోయిన గుర్తు. అది ఇంచుమించు రూపాయి బిళ్లంత ఉంటుంది. చాలావాటి మీద సి.ఆర్. 2032 అని ఉంటుంది. 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. దుకాణంలో దొరుకుతుంది. దీని కోసం కంప్యూటర్‌నే మార్చమంటే నమ్మనక్కర లేదు.

లేచి మళ్లీ పడిపోతే

కొద్దిసేపు నడిచి ఆగిపోతే లోపల వేడి పెరిగిందేమో చూడాలి. భూపాలపల్లిలో బొగ్గు గనులున్నాయి. మహబూబాబాద్ మార్కెట్‌కు మిర్చి వస్తుంది. ఏ దుమ్మయినా ఫ్యాను రెక్కల మీద పేరుకుంటే గాలి ఆడదు. ప్లగ్గు పీకి మెత్తని బ్రష్షుతో దులపాలి. లోపలి పెద్ద బోర్డు మీద చిన్న గుండ్రని డబ్బాలుంటాయి. వాటి మూతలు ఉబ్బితే బోర్డు పాడైనట్టు. అది ఇంట్లో అయ్యే పని కాదు.

దుకాణానికి పోయేటప్పుడు

మెకానిక్ "ఫార్మాట్ చేస్తే సరిపోతుంది" అనవచ్చు. ఫార్మాట్ అంటే హార్డ్ డిస్క్‌ను తుడిచి కొత్తగా మొదలుపెట్టడం. పలక మీద రాసింది తుడిచినట్టే. సంఘం లెక్కలూ పోతాయి. అందుకే ముందుగానే చెప్పాలి: "లెక్కలు వేరే దాంట్లోకి ఎక్కించినంకనే ఫార్మాట్." ఈ మాట రసీదు మీద రాయించుకోవాలి. ఏ భాగం మార్చారో, ధర ఎంతో కూడా రాయించాలి. తీసేసిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవాలి.

1947లో ఒక పురుగు

అమెరికాలో మార్క్ 2 అనే పెద్ద కంప్యూటర్ ఉండేది. 1947లో ఒకరోజు అది సరిగా పని చేయలేదు. వెతికితే లోపల ఒక రెక్కల పురుగు దొరికింది. పని చేసేవాళ్లు దాన్ని రిజిస్టరులో అంటించి, కింద సంగతి రాసి పెట్టారు. ఆ జట్టులో గ్రేస్ హాపర్ అనే మహిళ పనిచేసింది. ఈ సంగతిని తర్వాత ఆమె ఎన్నో చోట్ల చెప్పింది.

వాళ్లు చేసింది రెండే పనులు. వెతికారు. రాసి పెట్టారు.

సమాఖ్య ఆఫీసులోనూ అదే చేయవచ్చు. కంప్యూటర్ పక్కన ఒక నోటుబుక్కు ఉంచాలి. ఏ రోజు ఆగింది? లైటు వెలిగిందా? ఎన్ని బీప్‌లు వచ్చాయి? రిపేరుకు ఎంత ఇచ్చాం? అన్నీ రాయాలి. తెర మీద ఇంగ్లీషు మాటలుంటే ఫోన్‌తో ఫొటో తీయాలి. నెలకొకసారి లెక్కలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో దాచాలి. పెన్‌డ్రైవ్ కూడా పాడు కావచ్చు. అందుకే ముఖ్యమైన లెక్కలు కాగితం మీద కూడా ఉండాలి.

కంప్యూటర్ నేడు కాకపోతే రేపు బాగవుతుంది. లేదంటే కొత్తది కొనవచ్చు. పది మంది కష్టపడి కూడబెట్టిన పైసల లెక్క మాత్రం దుకాణంలో దొరకదు. దాన్ని మనమే కాపాడుకోవాలి.