చీర ఎందుకు దొరకలేదు?



చేతిలో డబ్బుంది. అంగడి తెరిచే వేళకు సిద్ధంగా కూర్చున్నాం. అయినా సరుకు దొరకలేదు. కిరసనాయిలు క్యూలో నిలబడిన పాతవాళ్లకు ఇది కొత్తేమీ కాదు. కాని పదివేల రూపాయల చీరకు కూడా ఇలా జరిగిందంటే కొంచెం వింతే.

2021 ఆగస్టు 12న స్వీడన్ దేశపు బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్, కోల్‌కతా డిజైనర్ సబ్యసాచి ముఖర్జీతో కలిసి కొన్ని దుస్తులు అమ్మకానికి పెట్టింది. అందులో చీర వెల 9,999 రూపాయలు. సబ్యసాచి పెళ్లి దుస్తులు లక్షల్లో ఉంటాయి గనుక ఆ పేరున్న చీర ఈ ధరకు రావడమే పెద్ద ఆకర్షణ. పెద్ద నగరాల దుకాణాల ముందు బారులు తీరారు. పొలసర వంటి ఊళ్లవారికి ఫోనొక్కటే దారి. ఇంటర్నెట్‌లో నిమిషాల్లో సరుకైపోయింది. తరువాత అవే బట్టలు ఎక్కువ ధరలకు మళ్లీ అమ్మకానికి వచ్చాయి.

ఇందులో కిటుకు ఏమిటంటే, సరుకు తక్కువగా ఉంచడం ముందే అనుకున్న పని. ఈ కంపెనీ 2004లో కార్ల్ లాగర్‌ఫెల్డ్ అనే డిజైనర్‌తో మొదలుపెట్టిన పద్ధతి ఇదే. అందరికీ దొరికితే ఎవరూ తెల్లవారుజామున లైను కట్టరు కదండీ! పైగా ఫోనులో బుట్టలో వేసుకున్నంత మాత్రాన వస్తువు మనదైపోదు. సొమ్ము చెల్లి, ఆర్డరు ఖాయమయ్యేలోగా మరొకరు తీసుకోవచ్చు. దొరకని బాధలో ముక్కూ మొహం తెలియని అమ్మకందారుకు అడ్వాన్సు పంపితే, చీరతోపాటు డబ్బూ పోయే ప్రమాదం ఉంది.

ఆ బట్టల మీద అచ్చులు మన చేతిపనులను గుర్తుకు తెచ్చేవే. కాని అవి యంత్రం మీద తయారయ్యాయని, కళాకారులకు పని దక్కలేదని చేతివృత్తుల సంస్థలు బహిరంగ లేఖ రాశాయి. నాకు ఆ మాట న్యాయంగానే తోచింది. యంత్రం మీద అచ్చు వేసే బట్ట కావాలంటే ఇంకో వెయ్యి వేయవచ్చు. కొరత అక్కడ కంపెనీ పెట్టినదే.

మన బరంపురం పట్టు సంగతి వేరు. అంచులో గుడి శిఖరాల్లాంటి కుంభాలు ఉండే ఆ ఫోడా కుంభ చీరకు, జోడుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేసే డేరా వారి పూర్వులు తెలుగు ప్రాంతం నుంచి వచ్చినవారని చెబుతారు. ఇప్పుడు అక్కడ మగ్గాలు తగ్గాయి. ఒక చీరకు రోజుల తరబడి చేతులు ఆడాలి. అందుకే అడిగిన రంగు, అడిగిన అంచు వెంటనే దొరక్కపోవచ్చు. అయితే ఆ నేతగాడికి చెప్పి రావచ్చు, మగ్గం దిగాక వెళ్లి తెచ్చుకోవచ్చు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు మాత్రం కాస్త ముందుగా బరంపురం బస్సెక్కండి.