చీమల పుట్టలో చెట్టు బంక ఎందుకు?

మన ఇళ్లలో పొగ వేసుకునే సాంబ్రాణి చెట్టు నుంచి కారి గట్టిపడిన బంకే. స్విట్జర్లాండ్‌లోని జూరా కొండల్లో ఒక జాతి అడవి చీమలు కూడా చెట్ల బంకను ఏరి పుట్టలో పోగు చేసుకుంటాయి. సూదుల వంటి ఆకులతో, పుల్లలతో కట్టిన ఆ పెద్ద పుట్టల్లో 20 కిలోల దాకా బంక ఉండవచ్చు. చీమలకు ఇంత బరువు మోయవలసిన అవసరం ఏమిటి?

దారిలో దొరికింది గనుక తెచ్చాయి, పుల్ల ఎంతో బంక ముక్కా అంతే అనవచ్చు. శాస్త్రజ్ఞులు ఈ మాటను తేలిగ్గా కొట్టిపారేయలేదు. బంక, పుల్లలు, చిన్న రాళ్లు పెట్టి చూశారు. చీమలు బంకనే ఎక్కువగా ఎత్తుకుపోయాయి. పుల్లల కంటే బంక మీద ఈ మోజు ఎండాకాలంలో కన్నా వసంతంలో మరీ ఎక్కువ. పోనీ, అతుకు కోసమా? అవి తెచ్చేది ఎండిన బంక. అందుకే ఈ కారణం మాకు బలంగా తోచదు.

ఇక మిగిలింది రోగభయం. వేలాది ప్రాణాలు ఒకే కప్పు కింద ఒరుసుకుని బతికే ఇల్లు అది. ఒకదానికి సోకితే అన్నిటికీ ముప్పే. బంక లేని పుట్ట సామగ్రిలో బాక్టీరియా, బూజు ఎక్కువగా ఉంటాయని 2003లో తేలింది. అయితే, ప్రయోగశాలలో క్రిమి చచ్చిందని సీసా మీద రాసి అమ్మే మందులను ఎన్నో చూసిన మనం ఇక్కడే తృప్తి పడకూడదు. చీమకు మేలు జరిగిందా అన్నది వేరే ప్రశ్న. 2007లో ఆ పరీక్షా చేశారు. రోగకారక బాక్టీరియా సోకినప్పుడు బంక ఉన్నచోట పెద్ద చీమలు, పిల్లపురుగులు రెండూ ఎక్కువగా బతికాయి. మన రైతులు వేరుపురుగు మీద ప్రయోగించే మెటారైజియం శిలీంధ్రం సోకినప్పుడు కూడా పిల్లపురుగులకు బంక రక్షణ ఇచ్చింది.

మరి రోగం వచ్చిందని గ్రహించి తెస్తున్నాయా? లేదు. అదే శిలీంధ్రాన్ని చీమల మధ్య పెట్టినా అవి బంక తేవడం పెరగలేదు. అంటే ఇది చికిత్స కాదు, ముందుజాగ్రత్త. తేనెటీగల తీరు వేరు. పిల్లపురుగులను చంపే ఒక శిలీంధ్రం సోకాక అవి బంక కోసం ఎక్కువగా తిరిగినట్టు 2012లో ప్రకటించారు.

2017లో ఇంకో సంగతి బయటపడింది. చీమలు తమ ఒంట్లో తయారయ్యే ఫార్మిక్ ఆమ్లాన్ని బంకకు పట్టిస్తాయి. చీమల మధ్య ఉంచిన బంక, వట్టి బంక కన్నా శిలీంధ్రాన్ని గట్టిగా అడ్డుకుంది. అలాగే ఉంచిన పుల్లలు, రాళ్లు మాత్రం అంత పని చేయలేదు.