విద్యుత్కార్లకు ఊరుమ్మడి చార్జింగు స్టేషను

మా గవర్నర్‌పేటలో, బీసెంటు రోడ్డు ప్రాంతమున, క్రింద అంగళ్లును మీద కాపురములును గల మేడలు పెక్కు. పెరడు లేనివాఁడు తన విద్యుత్కారు నెక్కడ నిలుపును? దానికి విద్యుత్తు నెట్లు పట్టును? పూర్వము ఇంట నుయ్యి లేనివారికి ఊరుమ్మడి నుయ్యి యెట్టిదో, నేఁడు వీరికి పబ్లిక్ చార్జింగు స్టేషను అట్టిది. దాని నిర్మాణమును విద్యార్థుల కిచట వివరించెదము.

ఇది గోడకు ప్లగ్గు బిగించినంత సులభము కాదు. 30 యూనిట్లు పట్టు బ్యాటరీని 3.3 కిలోవాట్ల యంత్రముతో నింపుటకు తొమ్మిది గంటలకు పైగా పట్టును. 60 కిలోవాట్ల యంత్రముతో, లెక్క ప్రకారము, అరగంట చాలును. అయితే బ్యాటరీ నిండవచ్చినపుడు వేగము తగ్గును గనుక మఱికొంతసేపు పట్టును.

మన తీఁగలలో వచ్చునది ఆల్టర్నేటింగు కరెంటు. బ్యాటరీ గ్రహించునది డైరెక్టు కరెంటు. చిన్న యంత్రము వాడినపుడు ఈ మార్పు కారులోనే జరుగును. పెద్ద యంత్రము తానే మార్చి యిచ్చును. ఇట్టి యంత్ర మొక్కటి, ఒక్కొక్కటి 2 కిలోవాట్లు వాడు 30 ఇండ్లకు సమానము. కావున వీధి ట్రాన్సుఫార్మరు ఆ బరువు నోర్చునా యని ముందుగా పరీక్షించి, చాలనిచో వేఱొకటి నిలుపవలయును. ఎర్తు తీఁగను భూమిలో చక్కగా దింపవలయును. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు సింగ్‌నగరును ముంచెను. కనుక యంత్రమును ఎత్తైన తిన్నెపై నిలుపుట క్షేమము.

నగరములలో 3 కిలోమీటర్ల చతురస్రమున కొక స్టేషనైన నుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2018లో సూచించెను. కట్టిన పిదప బాధ్యత మనది. చేఁద విడువనివాఁడు తక్కినవారి దాహము నెఱుఁగఁడు. కారు నిండిన వెంటనే స్థలము విడుచుట పౌరధర్మము.