ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్: ఉష్ణోగ్రత, మట్టం పరీక్ష

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
– ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ మట్టం ఉష్ణోగ్రతను బట్టి ఎందుకు మారుతుందో వివరించగలుగుతారు.
– డిప్‌స్టిక్ ఉన్న కారులో ఇంటి దగ్గరే మట్టాన్ని సరిగా పరీక్షించగలుగుతారు.
– డిప్‌స్టిక్ లేని కారులో ఏ పని ఇంటి దగ్గర చేయవచ్చో, ఏది వర్క్‌షాపుకు వదలాలో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

ఇంజన్ ఆయిల్‌ను ఎలా చూడాలో కారు నడిపేవారిలో చాలామందికి తెలుసు. ఇంజన్ ఆపి, కాసేపు ఆగి, డిప్‌స్టిక్ తీసి చూస్తారు. అదే అలవాటుతో ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ను చూస్తే చాలా కార్లలో తప్పు కొలత వస్తుంది. ఆ కొలతను నమ్మి ఆయిల్ పోస్తే, బాగున్న గేర్‌బాక్స్‌ను మనమే పాడు చేసినవాళ్లమవుతాం. ఈ ఆయిల్‌ను వాడుకలో ఏటీఎఫ్ అంటారు. ఏటీఎఫ్ విషయంలో గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే: ఉష్ణోగ్రత తెలియకుండా మట్టానికి అర్థం లేదు.

ముందుగా మీ కారు ఏ రకమో తెలుసుకోండి. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో వచ్చిన ఏఎంటీ పద్ధతి, క్లచ్ పెడల్ లేకపోయినా, లోపల మాన్యువల్ గేర్‌బాక్సే. సీవీటీ కార్లకు వేరే ఆయిల్ ఉంటుంది. ఈ పాఠం టార్క్ కన్వర్టర్ ఉన్న ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కు సంబంధించింది.

2. ఏటీఎఫ్ చేసే పనులు

మాన్యువల్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ ప్రధానంగా పళ్లచక్రాల అరుగుదలను తగ్గిస్తుంది. ఆటోమేటిక్‌లో అదనంగా మరికొన్ని పనులు చేస్తుంది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందిస్తుంది. పంపు కల్పించిన పీడనంతో లోపలి క్లచ్‌లను బిగించి గేర్లు మారుస్తుంది. పుట్టిన వేడిని కూలర్‌కు మోసుకుపోతుంది.

మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తోపాటు గాలిని కూడా పీలుస్తుంది. పీడనం పడిపోయి క్లచ్‌లు జారతాయి, వేడి పెరుగుతుంది. మట్టం ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలుకుతాయి. నురగ వచ్చి, ఆ నురగలోని గాలి వల్ల మళ్లీ పీడనమే పడిపోతుంది. అంటే ఆయిల్ తక్కువైనా, ఎక్కువైనా పైకి కనిపించే లక్షణాలు ఒకే విధంగా ఉండవచ్చు. ‘గేరు జారుతోంది, కొంచెం ఆయిల్ పోద్దాం’ అనే నిర్ణయం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

3. ఉష్ణోగ్రత, మట్టం: ఒక లెక్క

ద్రవాలు వేడికి వ్యాకోచిస్తాయి. ఇటువంటి నూనెల ఘనపరిమాణం ప్రతి సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.0007 వంతు పెరుగుతుంది. గేర్‌బాక్స్‌లో 7 లీటర్ల ఆయిల్ ఉందనుకుందాం. ఉదయం 30 డిగ్రీల దగ్గర ఉన్న ఆయిల్, కారు నడిచిన తరవాత 80 డిగ్రీలకు చేరితే:

7 × 0.0007 × 50 = 0.245 లీటరు

పెరుగుదల దాదాపు పావు లీటరు. మొత్తంలో ఇది మూడున్నర శాతమే. కాని టార్క్ కన్వర్టర్, నాళాలు ముందే నిండి ఉంటాయి కాబట్టి, పెరిగిన ఆయిల్ అంతా అడుగున ఉన్న ఆయిల్ పాన్‌లోకే చేరుతుంది. మనం కొలిచేది ఆ పాన్‌లోని మట్టాన్నే. చాలా కార్ల డిప్‌స్టిక్ మీద కనిష్ఠ, గరిష్ఠ గుర్తుల మధ్య తేడా అర లీటరుకు అటూ ఇటుగా ఉంటుంది. అంటే ఉష్ణోగ్రత ఒక్కటే మట్టాన్ని సగం దూరం జరపగలదు. చల్లటి ఆయిల్‌ను ‘హాట్’ గుర్తుతో పోల్చి పావు లీటరు పోస్తే, వేడెక్కాక అంత మేరా ఎక్కువే అవుతుంది.

4. డిప్‌స్టిక్ ఉన్న కారులో పరీక్ష

యజమాని పుస్తకంలో వేరే విధంగా చెప్పకపోతే ఈ క్రమం పాటించండి.

(1) కారును 15 నుంచి 20 నిమిషాలు నడిపి, సమతలంగా ఉన్న ఆరుబయట ఆపండి. మూసిన షెడ్డులో ఇంజన్ నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది.
(2) హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజన్ నడుస్తూనే ఉండాలి. ఇంజన్ ఆపితే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ కొంత పాన్‌లోకి దిగి, మట్టం ఎక్కువగా కనిపిస్తుంది.
(3) బ్రేక్ తొక్కి ఉంచి, గేర్ లివర్‌ను ప్రతి స్థానంలో కొన్ని క్షణాలు ఆపుతూ తిప్పి, మళ్లీ ‘పి’లోకి తీసుకురండి.
(4) చున్నీ, పైట, పొడుగు చేతులు ఫ్యానుకు దూరంగా ఉంచుకోండి. డిప్‌స్టిక్ తీసి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ తీసి చూడండి. రెండు వైపులా చూసి, తక్కువగా ఉన్న వైపు కొలతను తీసుకోండి.
(5) ఆయిల్ వేడిగా ఉంటే ‘హాట్’ గుర్తుతోనే పోల్చండి. తగ్గితే, తయారీదారు చెప్పిన రకం ఆయిల్‌నే, ఒక్కోసారి 100 మిల్లీలీటర్ల చొప్పున పోసి మళ్లీ కొలవండి. పోయడం తేలిక, తీయడం కష్టం.

గమనిక: అన్ని కార్లకూ ఒకే పద్ధతి లేదు. ఉదాహరణకు, హోండా పాత మోడళ్లలో చాలావాటికి ఇంజన్ ఆపిన వెంటనే కొలవాలి.

ఆయిల్ స్థితిని కూడా గమనించండి. మాడిన వాసన, నల్లబడిన రంగు ఉంటే లోపల వేడి మితిమీరిందని అర్థం. రోజ్ మిల్క్ లాంటి రంగు ఉంటే నీరో కూలెంటో కలిసింది. అప్పుడు కారును నడపకూడదు.

5. డిప్‌స్టిక్ లేని కారు

కొత్త కార్లలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. కారును సమతలంగా పైకి లేపి, ఇంజన్ నడుస్తుండగా, ఆయిల్ తయారీదారు చెప్పిన ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు మట్టం ప్లగ్ తీయాలి. ఉదాహరణకు, జెడ్ఎఫ్ ఆరు గేర్ల పెట్టెకు ఇది 30 నుంచి 50 డిగ్రీలు. సన్నటి ధారగా కారి చుక్కలకు తగ్గితే మట్టం సరిపోయినట్లు. ఆయిల్ అంతకన్నా వేడిగా ఉంటే వ్యాకోచించి ఎక్కువ కారిపోతుంది. చల్లారాక లోపల తక్కువ మిగులుతుంది. అంతకన్నా చల్లగా ఉంటే ఏమీ కారదు. తక్కువైందనుకుని పోస్తే ఎక్కువవుతుంది.

ఉష్ణోగ్రత కోసం ఓబీడీ స్కానర్ వాడవచ్చు. అయితే చవక స్కానర్లు చాలావరకు ఇంజన్ కూలెంట్ ఉష్ణోగ్రతనే చూపుతాయి. ఆ అంకెను గేర్‌బాక్స్‌దిగా పొరబడకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు పాన్ లోహపు ఉపరితలాన్ని కొలుస్తుంది గాని లోపలి ఆయిల్‌ను కాదు.

ఇంటి దగ్గర మీరు ఉష్ణోగ్రతను గమనించవచ్చు, కారు కింద ఆయిల్ మరకలు ఉన్నాయేమో చూడవచ్చు. ప్లగ్ తీసే పని లిఫ్ట్ ఉన్న వర్క్‌షాపుకు వదలండి. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి.

6. సారాంశం

ఏటీఎఫ్ మట్టం అంటే ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత దగ్గర తీసుకున్న కొలత. ముందు ఉష్ణోగ్రత, తరవాత మట్టం, ఆ తరవాతే ఆయిల్ పోయాలా వద్దా అనే నిర్ణయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఆయిల్ తక్కువైనా, ఎక్కువైనా పీడనం ఎందుకు పడిపోతుంది?
2. 9 లీటర్ల ఏటీఎఫ్ 25 నుంచి 85 డిగ్రీలకు వేడెక్కితే ఘనపరిమాణం ఎంత పెరుగుతుంది? (జవాబు: సుమారు 0.38 లీటరు)
3. ఇంజన్ ఆపి కొలిస్తే చాలా కార్లలో మట్టం ఎక్కువగా కనిపించడానికి కారణమేమిటి?