ఒంటివాలు ములికి: వేటబాణపు అంచులో దాగిన విజ్ఞానం

మన ఇతిహాసాలలో బాణానికి గల పేర్లను పరిశీలించినవారికి ఒక విశేషం గోచరిస్తుంది. శరము, కోల, అమ్ము అనేవి బాణమంతటికీ చెల్లే మాటలు. నారాచము, క్షురప్రము, అర్ధచంద్రము అనేవి మాత్రం బాణం దేనితో చేశారో, దాని ములికి ఏ ఆకారంలో ఉన్నదో తెలిపే మాటలు. నారాచము ఆసాంతం ఇనుముతో చేసినది. క్షురప్రము మంగలికత్తి వంటి పదును గలది. విల్లు ఎంతటిదైనా దాని బాధ్యత బాణాన్ని విసరడంతో ముగుస్తుంది. ఆపైన జరిగేదంతా ములికి పనియే అని ప్రాచీనులు చక్కగా గ్రహించారు.

నేడు విలువిద్య అనగానే మనకు స్ఫురించేది క్రీడ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణపతకాలు సాధించిన విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ సంధించిన బాణాలకు కత్తి అంచు లేదు. గురిపలకలో గుచ్చుకొని, మరల సులువుగా ఊడి వస్తే ఆ బాణానికి అది చాలును. వేటబాణం సంగతి వేరు. దానికి అమర్చే ములికి చదునైన కత్తి వంటిది. ఇంగ్లీషులో బ్రాడ్‌హెడ్ అంటారు. తుపాకి గుండు తగిలినచోట కండరాలు నలిగి చితికిపోతాయి. బాణానికి అంతటి వేగం లేదు. అది రక్తనాళాలను కోసి, రక్తస్రావం చేత జంతువును పడగొడుతుంది. కోత శుభ్రంగా ఉండి, ఊపిరితిత్తులను దాటి వెళ్లితే జంతువు కొద్ది క్షణాలలోనే స్పృహ కోల్పోతుంది. మొద్దుబారిన ములికి ఎముకకు తగిలి ఆగిపోయిందా, గాయపడిన జంతువు పొదలలోకి పారిపోయి రోజుల తరబడి నరకయాతన అనుభవిస్తుంది. ములికి ఎంపికను వేటగాడి ముచ్చటగా తీసివేయరాదు అనడానికి కారణం ఇదే.

ఈ చిక్కును అందరూ ఒకే విధంగా విప్పలేదు. సింగపూరుకు ఉత్తరాన, జొహోర్ జలసంధికి ఆవల మలయా ద్వీపకల్పపు అడవులలోని ఆదివాసులు వెదురు గొట్టంలో సన్నని పుల్లను ఉంచి నోటితో ఊది వేటాడేవారు. ఆ పుల్ల ఏమంత కోయగలదు? దాని కొనకు పూసిన ఇపోహ్ చెట్టు పాల విషం గుండెను ఆపుతుంది. విషం వాడేవానికి పదునుతో పని లేదు. విషం వాడనివానికి పదునే సర్వస్వం.

పదును పెట్టడంలో రెండు పద్ధతులున్నవి. మన వడ్రంగి పనిముట్లను చూస్తే ఈ భేదం ఇట్టే తెలుస్తుంది. గొడ్డలికి రెండువైపులా వాలు ఉంటుంది. ఉలికి ఒకవైపే వాలు. రెండవవైపు అద్దంలా చదును. బాడిస కూడా అంతే. సింగపూరులోని జపాను భోజనశాలలలో పచ్చిచేపను పలుచని ముక్కలుగా కోసే పొడవైన కత్తికి సైతం ఒకవైపే వాలు. వేటబాణపు ములికిలోనూ జంటవాలు, ఒంటివాలు అని రెండు రకాలు ఏర్పడ్డాయి.

ఒంటివాలుకు మొదటి లాభం కోణంలో ఉన్నది. ఒక్కొక్క వైపు 25 డిగ్రీల చొప్పున ఆకురాయి పట్టిస్తే జంటవాలు అంచు మొత్తం 50 డిగ్రీలు అవుతుంది. ఒంటివాలు అంచు 25 డిగ్రీలే. సన్నని అంచుకు కోత సులువు. రెండవ లాభం మరింత ఆసక్తికరమైనది. ఉలిని కొయ్యలో నిటారుగా దించబోతే అది తిన్నగా దిగక చదునువైపుకు జరగడం ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. వాలుతలంపై కొయ్య కలిగించే ఒత్తిడియే దీనికి కారణం. ఇప్పుడు రెండు రెక్కల ములికిని ఊహించండి. ఒక రెక్కకు వాలు పైముఖాన, రెండవ రెక్కకు కింది ముఖాన తీర్చారు. లోనికి దిగేటప్పుడు ఒక రెక్కను ఒత్తిడి కిందికి నెడితే, రెండవ రెక్కను పైకి నెడుతుంది. సమానమై, వ్యతిరేక దిశలలో, వేర్వేరు రేఖల వెంట పనిచేసే ఈ రెండు బలాలను భౌతికశాస్త్రంలో బలయుగ్మం అంటారు. దాని ఫలితంగా ములికి మరమేకు వలె తిరుగుతూ దిగుతుంది. జంటవాలు ములికిలో రెండువైపుల ఒత్తిడులూ పరస్పరం రద్దయిపోతాయి గనుక అది తిరగదు.

తిరిగితే ఒరిగేదేమిటి? మెత్తని కండలో పెద్దగా ఏమీ లేదనే చెప్పాలి. ఎముక అడ్డు వచ్చినప్పుడే దీని విలువ. మొద్దులో దిగబడిన గొడ్డలిని కట్టెలు కొట్టేవాడు ఒకింత మెలిపెడతాడు. పగులు విచ్చుకొని కట్టె రెండుగా చీలుతుంది. ఒంటివాలు ములికి ఎముకలో ఆ మెలితిప్పే పనినే చేస్తుంది. పగులు వెడల్పయిన కొద్దీ వెనుకనున్న కాడకు రాపిడి తగ్గి దారి సుగమమవుతుంది.

ఈ విషయాన్ని పట్టుదలతో పరిశీలించిన వ్యక్తి అమెరికాకు చెందిన డాక్టర్ ఎడ్ ఆష్‌బీ. దక్షిణాఫ్రికాలోని నేటాల్ ప్రాంతంలో 1980 దశకంలో ఆరంభించి, నిజమైన జంతువుల ఎముకలపైన, కండరాలపైన వివిధ ములుకులు ఎంత లోతుకు దిగినవో నమోదు చేశాడు. బరువైన ఎముకను ఛేదించాలంటే బాణం మొత్తం బరువు దాదాపు 650 గ్రెయిన్లు, అనగా 42 గ్రాములు ఉండాలనీ, బరువులో ఎక్కువ భాగం ముందుకొసన ఉండాలనీ, ములికి పొడవు వెడల్పుకు మూడింతలుంటే మేలనీ ఆయన నిర్ణయం. అడవిలో చేసిన పరిశీలన ప్రయోగశాలలోని కొలత వంటిది కాజాలదు. అందువలన 650 అనే అంకెను గీసిన గీతగా భావించక, దారి చూపే గుర్తుగా గ్రహించడం యుక్తం.

బరువుకు ఎందుకింత ప్రాధాన్యం? చిన్న లెక్క చూద్దాం. ఒక సంప్రదాయ విల్లు 30 గ్రాముల బాణాన్ని సెకనుకు 52 మీటర్ల వేగంతో పంపినదనుకుందాం. దాని గతిజశక్తి సుమారు 40.6 జౌళ్లు, ద్రవ్యవేగం 1.56 ప్రమాణాలు. అదే విల్లుతో 42 గ్రాముల బాణం 45 మీటర్ల వేగంతో పోయినదనుకుంటే గతిజశక్తి 42.5 జౌళ్లు, ద్రవ్యవేగం 1.89. శక్తిలో తేడా స్వల్పం. ద్రవ్యవేగం మాత్రం ఐదవ వంతు పెరిగింది. ఎదురయ్యే నిరోధాన్ని తట్టుకొని ఎంతసేపు ముందుకు సాగగలదో నిర్ణయించేది ఈ రెండవదే. కప్పీల ఆధునిక విల్లుకు వేగం దండిగా ఉన్నది గనుక లోపాలు కొంత కప్పబడతాయి. కర్రవిల్లు పట్టినవానికి ఆ వెసులుబాటు లేదు.

ఎంపికలో చాలామంది ఏమరుపాటు పడేది ఈకల విషయంలో. పక్షి ఎడమరెక్క ఈకలకూ కుడిరెక్క ఈకలకూ వంపు వేరు. ఒక బాణానికి కట్టే ఈకలన్నీ ఒకే రెక్కవి కావాలి. వెనుకనుంచి చూస్తే కుడిరెక్క ఈకలు బాణాన్ని గడియారపు ముల్లు దిశలో తిప్పుతాయి, ఎడమవి ఎదురుదిశలో. ములికి వాలు కూడా అదే దిశలో తిప్పేదై ఉండాలి. లేనిచో గాలిలో ఒకవైపు తిరిగివచ్చిన బాణం, తగిలిన క్షణంలో ఆగి మరొకవైపు తిరగవలసివచ్చి, ఉన్న శక్తిని వృథా చేసుకొంటుంది. కుడి, ఎడమలలో ఏది మేలన్న వాదన అనవసరం. రెండూ కలిసి ఉండటమే ముఖ్యం.

ఉక్కు మరీ మెత్తనైతే అంచు మడతపడుతుంది. మరీ గట్టిదైతే పెళుసై విరుగుతుంది. సన్నని ఒంటివాలు అంచుకు ఈ రెండవ ప్రమాదం మరీ ఎక్కువ. రాక్‌వెల్ సి కొలమానంలో యాభైకి కొంత పైనున్న ఉక్కు సాధారణంగా తగినది. నూరడం మాత్రం తేలిక. వాలువైపు నూరి, చదునువైపు లేచిన సన్నని పొరను రాతిపై ఒకసారి తీసివేస్తే చాలును.

తెలుగునాట విల్లు అనగానే నల్లమల చెంచులు గుర్తుకు రాక మానరు. అహోబిల నరసింహుని వరించిన చెంచులక్ష్మి వారి ఆడపడుచు అని ఐతిహ్యం. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చెంచులపై 1943లో వెలువరించిన గ్రంథంలో విల్లంబులు వారికి ఎంత ఆత్మీయమైనవో కనిపిస్తుంది. అయితే వారి కడుపు నింపినవి ప్రధానంగా దుంపలూ పండ్లే కాని వేటమాంసం కాదు. ఇనుమును వారు కరిగించేవారు కాదు; మైదానవాసుల వద్ద సంపాదించుకొనేవారు. ఒక్కొక్క ములికి అంత విలువైనదన్నమాట.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషిద్ధమయింది. అడవిబిడ్డల హక్కులను గుర్తించిన 2006 చట్టం సైతం తేనె, దుంపల వంటి ఫలసాయాన్ని వారికి దక్కనిచ్చి, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. పులుల రక్షణకు ఇది అవసరమే. కాని తరతరాల నేర్పు ఒకటి అక్కరకు రాకుండా పోయిందన్న సత్యాన్ని విస్మరించరాదు. సింగపూరులోనూ అనుమతి లేనిదే వన్యప్రాణిని చంపడం, పట్టడం నేరం. ఇక్కడి మన పిల్లలు విల్లు పట్టినా అది గురిపలక కొరకే.

నల్లమలలో అటవీశాఖ నేడు చెంచు యువకులను కావలివారుగా నియమించుకొంటున్నది. విరిగిన రెమ్మనూ, తడినేలపై అడుగుజాడనూ చూసి జంతువు ఎటు వెళ్లినదో చెప్పగల ఆ వేటకంటి చూపు ఇప్పుడు పులి జాడలను లెక్కించడానికి వినియోగపడుతున్నది.