బరోలో: రంగు, వగరు, ఆహారం

రెడ్ వైన్ ఎంత వగరుగా ఉంటుందో రంగును బట్టి నిర్ణయించరాదు. ఇటలీ వాయవ్య భాగంలోని పీడ్‌మాంట్‌లో, లాంగే కొండలపై పండే నెబ్బియోలో ద్రాక్షతో మాత్రమే తయారయ్యే బరోలో ఇందుకు ఉదాహరణ. గ్లాసులో పలుచని ఎరుపు. వాసనలో గులాబీ, దానితోపాటు (వింతగానే) తారు. నోట్లోకి తీసుకుంటే మాత్రం పచ్చి అరటికాయ కొరికినట్లు నాలుక పట్టేస్తుంది. ద్రాక్ష తొక్క, గింజలలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లతో కలవడమే ఇందుకు కారణం. మాంసంలోని ప్రోటీన్లు, కొవ్వు ఈ వగరును తగ్గిస్తాయి. అందుకే పీడ్‌మాంట్‌లో ఇదే వైన్‌లో నిదానంగా ఉడికించిన గొడ్డుమాంసంతో దీనిని వడ్డిస్తారు. మిరపకారం దట్టించిన కూరతో జత చేస్తే మంట, వగరు రెండూ ఎక్కువగా తెలుస్తాయి. మెనూ రూపొందించేటప్పుడు ఈ జోడీని మానుకోవడమే మేలు. నిబంధనల ప్రకారం బరోలోను కనీసం 38 నెలలు మాగబెట్టాలి. అందులో 18 నెలలు చెక్క పీపాలలోనే. ఆ తరువాత కూడా వగరు మెత్తబడడానికి ఏళ్లు పడుతుంది.